రంప మన్యంలో మాట తప్పింది ఎవరు?

1879 మార్చిలో గోదావరి జిల్లా రంప మన్యంలో పితూరీ (తిరుగుబాటు) లేచింది. పోలీసు ఠాణాల మీద దాడులతో మొదలై కొద్ది నెలల్లోనే గొలుగొండ కొండలకూ రేకపల్లి సీమకూ పాకింది. కొండవాళ్లకు చట్టం గిట్టదు, పాలన మన్యంలో అడుగుపెడితే తిరగబడతారు అన్నది అప్పటి అధికారులు తరచూ చెప్పిన కారణం. మైదానంలో మనం కూడా చాలాకాలం ఆ మాటే నమ్మాం. రికార్డు మాత్రం వేరే కథ చెబుతుంది. రంపలో తెగిపోయింది ఒక ఒప్పందం. తెంచినవాడు ఆ సీమ దొర అయిన మన్సబ్దారు, తెగుతుంటే చూస్తూ కూర్చున్నది ప్రభుత్వం.

1813లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం రాంభూపతి దేవును రంప మన్సబ్దారుగా ఒప్పుకుంది. మన్యంలో శాంతి కాపాడాలన్న షరతు మీద అతనికి పేష్కషు (కప్పం) లేకుండా గ్రామాలు వదిలిపెట్టింది. ఊళ్లు నిజంగా నడిచింది అతని కింది ముఠాదారుల చేతుల మీద, అంటే ముఠా అనే ఊళ్ల గుంపుకు పెద్దల చేతుల మీద. 1835లో అతను చనిపోయాక వారసత్వం మీద తగాదా వచ్చింది. చివరికి 1848లో మధువతి రాంభూపతిని మన్సబ్దారుగా అంగీకరించడానికి ముఠాదారులు ఒప్పుకున్నారు, అదీ ఊరికే కాదు. ఏటా 1,000 రూపాయలు చెల్లిస్తామని వాళ్లు, అంతకు మించి అడగనని అతను కాగితం మీద కట్టుబడ్డారు. మధ్యన నిలబడి కుదిర్చింది ప్రభుత్వమే.

ఆ కాగితం నిలవలేదు. మన్సబ్దారు ముఠాదారులు కట్టాల్సిన సొమ్ము పెంచాడు, కొందరి ముఠాలు లాక్కున్నాడు, కట్టెల మీదా మేత మీదా పన్నులు వేశాడు. 1858–62 మధ్య అలజడులు రేగినా ప్రభుత్వం ఒప్పందాన్ని చక్కదిద్దలేదు. ఆపైన అబ్కారీ (కల్లు, సారా సుంకాల) నిబంధనలు వచ్చిపడ్డాయి. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడం కూడా నేరమైంది, కల్లు హక్కు గుత్తేదార్ల పాలైంది, కల్లు చెట్టుకు చిగురుపన్ను పడింది. మరోవైపు మైదానపు వర్తకులు కొండవాళ్లతో రాయించుకున్న పత్రాలతో కోర్టుకెక్కి, ప్రతివాది రాకుండానే డిక్రీలు తెచ్చుకునేవారు. 5 రూపాయల అప్పుకు 100 రూపాయల పశువులూ పంటా తోలుకుపోయిన తీరును జిల్లా గెజెటీరే నమోదు చేసింది. వర్తకుడి కాగితాన్ని అమలు చేయడానికి కోర్టూ బంట్రోతూ ఉన్నారు. 1848 నాటి కాగితాన్ని అమలు చేయడానికి ఎవరూ లేరు. పితూరీకి అసలు కారణం ఈ తేడాలోనే ఉంది.

ముఠాదారులు గిరిజనుల ప్రతినిధులు కారు, వాళ్లూ వసూలుదార్లే, కాబట్టి ఆ ఒప్పందాన్ని ప్రజల ఒప్పందం అనకూడదు అని ఎవరైనా వాదించవచ్చు. అందులో నిజముంది. 1848 పత్రంలో కొండరెడ్డి రైతుకు నేరుగా దక్కినది ఏమీ లేదు. కానీ పైన పెరిగిన ప్రతి రూపాయీ చివరికి దిగింది ఆ రైతు నెత్తిమీదకే. చిగురుపన్ను అందరినీ తాకింది. రేకపల్లిలో సెంట్రల్ ప్రావిన్సెస్ పాలన కింద పోడుకు (అడవి నరికి చేసే సాగుకు) గొడ్డలికి 4 అణాలే కట్టేవారు. 1874లో ఆ సీమ మద్రాసుకు మారాక ఆ పన్ను దాదాపు మూడింతలైంది. ముఠాదారుడి ఫిర్యాదూ రైతు ఫిర్యాదూ కలిసిపోయాయి కాబట్టే పితూరీ అంత దూరం పాకింది. సన్నదు (హక్కు పత్రం) అనేది దొర దయతో ఇచ్చేది, దాన్ని ఒప్పందం అనలేం అన్నది రెండో అభ్యంతరం. దానికి ప్రభుత్వమే జవాబిచ్చింది. విచారణకు వచ్చిన రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివన్ మన్సబ్దారు దౌర్జన్యాన్నీ కల్లు పన్నునూ ప్రధాన కారణాలుగా తేల్చాడు. మన్సబ్దారీ రద్దయింది. ముఠాదారులకు ప్రభుత్వమే నేరుగా సన్నదులిచ్చింది. ఇంటి వాడకానికి పన్ను లేకుండా కల్లు గీసుకోనిచ్చింది. అడిగినవి న్యాయమైనవి కాకపోతే, సైన్యాన్ని దింపి అణచిన తర్వాత వాటిని ఇవ్వాల్సిన పనిలేదు.

అయినా కొత్త ఏర్పాటుకూ పాత జబ్బే పట్టింది. షరతులు రాసేది, మార్చేది, తప్పితే శిక్షించేది ఒకే పక్షం. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడుకు కట్టడి బిగిసింది. 1922 తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారిలో గాము గంటం దొర వంటి పాత గ్రామాధికారులు ఉండటం యాదృచ్ఛికం కాదు. 1969లో ముఠాదారీ వ్యవస్థే రద్దయింది. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకట్ట వేసింది. 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం గ్రామసభను గుర్తించింది. ఇవన్నీ మంచి కాగితాలే. 1848 పత్రం కూడా మంచి కాగితమే. బలమైన పక్షం మాట తప్పినప్పుడు దాన్ని నిలదీసి ఆపే అధికారం గ్రామసభ చేతికి నిజంగా రానంతవరకూ, మన్యంలో ఏ ఒప్పందమైనా ఒకవైపు సంతకమే.