జెబెల్ అలీ సముద్రంలో ఫిష్ ఫైండర్: కొనేముందు, కొన్న తరువాత

జెబెల్ అలీలో మా నలుగురు మిత్రులకు వాటాల మీద ఒక చిన్న ఫైబర్ బోటు ఉంది. దానికి ఫిష్ ఫైండర్ కొనేటప్పుడు, షాపులో అన్నిటికంటే ఎక్కువ లోతు చూసే మోడల్ కావాలని అడిగాను. అతను సంతోషంగా ఇచ్చాడు! వెయ్యి మీటర్లు చూస్తుందట. పర్షియన్ గల్ఫ్ సగటు లోతే సుమారు 35 మీటర్లు. మేము తిరిగే చోట 30 కూడా దాటదు. డబ్బు దండగ.

అసలిది పనిచేసే తీరు సులభమే. బోటు అడుగున బిగించిన ట్రాన్స్‌డ్యూసర్ శబ్దాన్ని కిందికి పంపుతుంది. అది నేలకో చేపకో తగిలి ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూసి యంత్రం లోతు లెక్కకడుతుంది. ఉప్పునీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది కనుక 30 మీటర్ల లోతుకు వెళ్ళి రావడానికి సెకనులో 25వ వంతు చాలు. జపానులో ఫురునో సోదరులు 1948లోనే దీన్ని చేపల పడవలకు పనికొచ్చేలా తయారుచేశారు.

కొనేవారు చూడవలసింది ఫ్రీక్వెన్సీ. 50 కిలోహెర్ట్జ్ లోతైన సముద్రానికి, 200 కిలోహెర్ట్జ్ మనలాంటి లోతులేని నీళ్ళకు. 200లో శబ్దం సన్నని శంకువులా దిగుతుంది, వివరాలు బాగా తెలుస్తాయి. 20 డిగ్రీల కోణమైతే 30 మీటర్ల అడుగున పదిన్నర మీటర్ల వెడల్పు నేల కనిపిస్తుంది. మిగిలిన డబ్బు ఎండలో కూడా కనబడే తెర మీద పెట్టండి. ట్రాన్స్‌డ్యూసర్‌ను ప్రొపెల్లర్ నురగకు దూరంగా బిగించాలి. గాలి బుడగలు అడ్డొస్తే ఎంత ఖరీదైన పెట్టె అయినా గుడ్డిదే.

ఇక చదవడం. చేప బొమ్మలు చూపించే ఆప్షన్ ముందు ఆపేయండి. నాచు ముక్కకీ, బుడగల గుంపుకీ కూడా అది చేప బొమ్మే వేస్తుంది. తెర కుడి అంచు మాత్రమే ఇప్పటిది, మిగతాదంతా మనం దాటి వచ్చిన నీళ్ళు. నేల గీత మందంగా, దాని కింద రెండో గీత కూడా వస్తే గట్టి నేల, బహుశా రాయి. హమ్మూర్ ఉండేది అలాంటి చోటే. గీత పలుచగా, మసకగా ఉంటే బురద.

మన వంజరం సంగతి వేరు. ఇక్కడ కనాద్ అంటారు. శబ్దాన్ని బాగా తిప్పికొట్టేది చేప లోపలి గాలితిత్తి. వంజరానికి అది లేదు! పెద్ద చేప బోటు కిందుగా పోయినా తెర మీద చిన్న మరకే పడుతుంది. అందుకని నేను చిన్నచేపల గుంపు కోసం వెతుకుతాను, వంజరం వాటి వెంటే తిరుగుతుంది. మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వారు కూడా చేపను నేరుగా చూడరు. ఉపగ్రహాలిచ్చే సముద్రపు వేడి, పత్రహరితం వివరాలతో చేపలు చేరగల చోటును జాలర్లకు చెబుతారు.

ఒక సాయంత్రం షమాల్ గాలి లేచి, దుమ్ములో ఒడ్డు కనబడకుండా పోయింది. పామ్ జెబెల్ అలీ దగ్గరగా తిరిగి వస్తున్నాం. నేను తెర మీద చేపల గుంపునే చూస్తున్నాను. లోతు అంకె తొమ్మిది, ఆరు, నాలుగు అవుతుంటే గమనించలేదు. మిత్రుడు అరిచి ఇంజను ఆపేసరికి ఒకటిన్నర మీటరు! ఈ యంత్రం కిందికే చూస్తుంది, ముందుకు చూడదు. పైగా ఆ అంకె ట్రాన్స్‌డ్యూసర్ నుంచి లెక్క, ప్రొపెల్లర్ అంతకంటే కిందికి ఉంటుంది. ఆ తేడాను సెట్టింగులో కలిపి, లోతు మూడు మీటర్లకు తగ్గగానే అలారం మోగేలా పెట్టుకున్నాం. కొన్న రోజే చేయవలసిన పని. ఇసుక తవ్విపోసి ద్వీపం కట్టిన చోట పాత చార్టు లోతులు నమ్మకండి.

జీపీఎస్ కూడా ఉన్న మోడల్ అయితే జెబెల్ అలీ సముద్ర అభయారణ్యం హద్దులు అందులో గుర్తు పెట్టుకోండి, లోపల గేలం వేయకండి. సరదాకి పట్టేవారికీ లైసెన్సు ఉండాలి. కనాద్ నిషేధపు నెలలు ఏవో బయలుదేరేముందు చూసుకోండి.