కొరంగీ అనే ఇంటిపేరు

మా ఇంటిపేరు వేరే. కానీ కొవ్వూరులో పెద్దవాళ్ళకి మేం ఇప్పటికీ 'రంగం వాళ్ళం'. రంగం అంటే రంగూన్. మా ముత్తాత పొట్ట చేత పట్టుకుని అక్కడికెళ్ళి రేవులో బస్తాలు మోశాడు. వంశవృక్షం గీద్దామని కూర్చున్నాక తెలిసింది, అక్కడాయన కొవ్వూరువాడూ కాదు, తెలుగువాడూ కాదు. కొరంగీ.

కోరంగి కాకినాడ పక్కనున్న పాత రేవు. 1839 ఉప్పెన దాన్ని ముంచేసింది, ఆపైన మేటలేసి పూడిపోయింది. ముత్తాత కాలానికి మనవాళ్ళు గోదావరి దాటి, కాలువ పడవల్లో కాకినాడ చేరి, స్టీమరెక్కేవారు. ఆయన కోరంగి మొహం కూడా చూసి ఉండడు. శ్రీకాకుళం నుంచి వెళ్ళినవాళ్ళూ అక్కడ కొరంగీలే. అదేం ముద్దుపేరు కాదు. మా నాయనమ్మ ఆ మాట గొంతు తగ్గించి అనేది.

యూరప్‌లోనూ ఇలాంటి సంగతే జరిగింది. 18వ శతాబ్దంలో బతుకుతెరువు కోసం జర్మన్ రైతులు ఉల్మ్ దగ్గర చెక్కపడవలెక్కి, డాన్యూబ్ నది మీదుగా హంగరీ వైపు వెళ్ళారు. ఉల్మ్ ఉన్నది స్వాబియాలో. పడవెక్కినవాళ్ళలో చాలామందిది వేరే ప్రాంతం. అయినా హంగరీలో అందరూ 'ష్వాబ్'లే అయ్యారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత లక్షలమందిని వెళ్ళగొట్టారు. ఇవాళ వాళ్ళ మనవలు అమెరికాలో, బ్రెజిల్‌లో అదే పేరుతో సంఘాలు పెట్టుకుని, పాత చర్చి రిజిస్టర్లలో తాతల పేర్లు వెతుక్కుంటున్నారు.

మన కూలీలకి రిజిస్టర్లు ఎవరు రాశారు గనక!

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కాంట్రాక్టర్లు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నారు, సమ్మె తీరగానే వాళ్ళని పొమ్మని మనవాళ్ళని పిలిచారు. ఇద్దరి కడుపు మీదా కొట్టింది ఒకరే, కత్తులు దూసుకున్నది మాత్రం వీళ్ళిద్దరూ. ఎక్కువగా పోయింది మనవాళ్ళ ప్రాణాలే. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి. లక్షలమంది అడవులు, కొండలు దాటి ఇండియాకి నడిచారు. మిగిలినవాళ్ళలో చాలామందిని 1964 తర్వాత నే విన్ ప్రభుత్వపు జాతీయీకరణ వెళ్ళగొట్టింది.

ముత్తాత 1942లో నడిచొచ్చాడు. ఆయన తమ్ముడు రాలేదు. అక్కడే పెళ్ళి చేసుకున్నాడనేవారు, అంతే. నా వంశవృక్షంలో ఆ కొమ్మ అక్కడే ఆగిపోయింది. ఆయన పిల్లలకి బర్మా పేర్లే ఉండి ఉంటాయి. మా ఇంటిపేరుతో నెట్‌లో ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఇప్పుడు 'కొరంగీ' అని కొట్టి వెతుకుతున్నాను.