జీపు డైనమోకు ఒక పిడి

మా మామయ్యగారి పాకలో చాలా యేళ్లుగా ఒక పాత సైనిక జీపు పడివుంది. రెండవ ప్రపంచయుద్ధంలో విల్లీస్ వారు చేసిన ఎం.బి. రకం. "దీని ఆల్టర్నేటరు చెడిందిరా, విప్పి పారేసి 12 వోల్టులది కొత్తది వేద్దాం" అన్నారాయన. బానెట్ ఎత్తి చూస్తే అక్కడున్నది ఆల్టర్నేటరు కాదు, 6 వోల్టుల డైనమో.

చార్జింగు పెట్టేది యేదైనా ఆల్టర్నేటరే అనడం మనకు అలవాటైపోయింది. డైనమోలో తిరిగే చుట్టలోనే కరెంటు పుడుతుంది. దాన్ని కమ్యుటేటరు, కార్బన్ బ్రష్షులు ఏకముఖ విద్యుత్తుగా బయటికి తెస్తాయి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు చార్జింగు దాదాపు వుండదు. ఆల్టర్నేటరులో పుట్టేది ఏకాంతర విద్యుత్తు. దాన్ని బ్యాటరీకి పనికివచ్చేలా మార్చడానికి సిలికాన్ డయోడ్లు చవకగా దొరకాలి. అందుకే 1960 ప్రాంతంలో క్రైస్లర్ వారు వేలియంటుకు అమర్చాకే అది మామూలు కార్లలోకి వచ్చింది. 1941-45 నాటి జీపుకు డైనమోయే దిక్కు.

విప్పడం పెద్ద విద్యేమీ కాదు. ముందు బ్యాటరీ ఎర్తు తీగ తీసేశాను. డైనమో తీగలకు రంగు దారాలు కట్టి గుర్తు పెట్టుకున్నాను (దీన్ని బద్ధకించినవారు తరవాత యేడుస్తారు). బెల్టు బిగువు సర్దే పట్టీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. దానికొక పిడి వుంది! దాన్ని లాగి డైనమోను ఇంజను వైపు తోస్తే, పానా అక్కర్లేకుండానే బెల్టు వదులవుతుంది.

ఎందుకని? ఈ జీపులో డైనమో, ఫాను, నీటి పంపు ఒకే బెల్టు మీద నడుస్తాయి. లోతైన వాగు దాటేటప్పుడు తిరుగుతున్న ఫాను నీటిని ఇంజను మీదికి చిమ్ముతుంది, ఇగ్నిషన్ తడిసి బండి నడిమధ్యలో ఆగుతుంది. అందుకని సిపాయి ఒడ్డున దిగి, పిడి లాగి, ఫాను ఆపుకుని దాటేవాడు. అంతసేపూ చార్జింగూ లేదు, నీటి ప్రసరణా లేదు. అవతలి ఒడ్డు చేరగానే మళ్లీ బిగించుకోవాలి.

కొత్త ఆల్టర్నేటరు పెడితే ఈ పట్టీ పాతయినుము కొట్టుకే. ఆ మాటే చెప్పాను. మామయ్య చాలాసేపు పిడి పట్టుకుని చూసి, "అయితే బ్రష్షులే మార్చరా" అన్నారు.

మార్చాను. కమ్యుటేటరును గరుకు కాగితంతో శుభ్రం చేసి, తిరిగి బిగించాక, రెగ్యులేటరు దగ్గర బ్యాటరీ, ఆర్మేచరు కొనలను ఒక్క క్షణం తీగతో కలిపాను. డైనమోలో మిగిలిన అయస్కాంతత్వానికి దిశ చూపాలి కదా. చిన్న నిప్పురవ్వ లేచింది. ఇంజను వేగం పెంచితే అమ్మీటరు ముల్లు చార్జింగు వైపు కదిలింది.