రేసు ఫెయిరింగ్: గాలి తొడుగు నుంచి నూనె తొట్టి దాకా

రేసు ఫెయిరింగ్ అంటే ట్రాక్ మీద నడిపే స్పోర్ట్స్ బైకుకు కంపెనీ బాడీ విప్పేసి బిగించే తేలికపాటి తొడుగు. ముందు ముక్కు, రెండు పక్కల పలకలు, ఇంజిన్ కింద తొట్టి, వెనక ఒంటి సీటు తోక ఇందులో భాగాలు. హెడ్‌లైటు, ఇండికేటర్లు, అద్దాలు, నంబరు ప్లేటు పెట్టుకోవడానికి చోటే ఉండదు. మొదట్లో దీన్ని గాలిని కోయడానికే తయారుచేశారు. ఇవాళ కొనేవాళ్లు మాత్రం ముందుగా రెండు సంగతులు చూస్తారు: బైకు పడితే ఎంత ఖర్చుతో మళ్లీ నిలబడుతుంది, ఇంజిన్ పగిలితే నూనె ట్రాక్ మీద పారకుండా ఎంత ఆగుతుంది. ఈ మార్పు వెనక ముప్పావు శతాబ్దపు ప్రమాదాలు, నిబంధనలు ఉన్నాయి.

గాలితో మొదలు

మోటార్‌సైకిల్‌కు పూర్తి తొడుగు వేయాలన్న ఆలోచన రేసుల కంటే ముందు వేగ రికార్డుల కోసం వచ్చింది. 1937 నవంబరు 28న జర్మనీలో ఎర్న్‌స్ట్ హెన్నె, సూపర్‌చార్జర్ అమర్చిన 500 సీసీ బీఎండబ్ల్యూ మీద గంటకు 279.5 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆ బండిని చుట్టూ రేకుతో మూసేశారు. మరో జర్మన్ కంపెనీ ఎన్‌ఎస్‌యూ తరఫున విల్హెల్మ్ హెర్జ్ 1951లో 290 దాటేదాకా ఆ రికార్డు చెక్కుచెదరలేదు.

రేసుల్లోకి గాలి లెక్కను శాస్త్రంగా తెచ్చింది ఇటలీ కంపెనీ మోటో గుజ్జి. కోమో సరస్సు ఒడ్డున మాండెల్లో డెల్ లారియోలోని తమ ఫ్యాక్టరీలో 1950 ప్రాంతంలో గాలి సొరంగం కట్టుకున్నారు. రైడరును బండి మీద కూర్చోబెట్టి, నిజమైన కొలతల్లోనే గాలి దెబ్బను కొలవడానికి అది పనికొచ్చేది. 1953 నుంచి 1957 వరకు వరుసగా ఐదేళ్లు 350 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్‌ను గుజ్జి రైడర్లే గెలిచారు. ఇంజనీరు జూలియో చెసారె కర్కానో చేయించిన ఆ ఒంటి సిలిండర్ బండ్లు ప్రత్యర్థుల నాలుగు సిలిండర్ల ఇంజిన్ల ముందు బలంలో తక్కువే. వాటిని గెలిపించింది తేలికదనం, గాలికి లొంగని ఆకారం.

ఆ రోజుల తొడుగు ముందు చక్రాన్ని కూడా పూర్తిగా కప్పేసేది. చూడటానికి చెత్తడబ్బాలా ఉందని ఇంగ్లీషువాళ్లు దానికి 'డస్ట్‌బిన్ ఫెయిరింగ్' అని పేరు పెట్టారు. 1957లో ఐల్ ఆఫ్ మాన్ టీటీ రేసులో బాబ్ మెకింటైర్ గిలెరా బండి మీద గంటకు 100 మైళ్ల సగటు దాటిన మొదటి ల్యాప్ చేసింది ఇలాంటి తొడుగుతోనే.

అదే దాని ఆఖరి వైభవం. పక్క గాలి వీచినప్పుడు దాని దెబ్బంతా తొడుగు ముందు భాగం మీదే పడేది. బండి బరువు కేంద్రం వెనకెక్కడో, గాలి తోసే చోటు ముందెక్కడో ఉంటే హ్యాండిల్ రైడరు మాట వినదు. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్‌ఐఎం 1958 సీజన్ నుంచి ముందు చక్రాన్ని కప్పే తొడుగులను నిషేధించింది. రైడరు పక్క నుంచి కనిపించాలి, ముందు చక్రం తెరిచి ఉండాలి అన్న సూత్రం నేటికీ అమల్లో ఉంది. ఇవాళ షోరూములో కనిపించే ప్రతి స్పోర్ట్స్ బైకు ఆకారం ఆ నిషేధం నుంచి వచ్చిందే. డిజైనర్ల ప్రతిభ అని మనం మెచ్చుకునే దాంట్లో సగం ఆ కమిటీ గదిలో తేలిపోయింది.

ఫైబర్ రాక

మొదటి తొడుగులు అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి తీసినవి. పనివాడి చెయ్యి మంచిదైతే బాగుండేవి, పడితే నలిగిపోయేవి. 1950లలో పాలియెస్టర్ రెసిన్, గాజు పీచు కలిపిన ఫైబర్‌గ్లాస్ వచ్చాక పరిస్థితి మారింది. బ్రిటన్‌లో విన్సెంట్ కంపెనీ 1955లో బ్లాక్ ప్రిన్స్ అనే బండిని ఫైబర్ తొడుగుతో రోడ్డు మీదకు తెచ్చింది. ఆ కంపెనీ ఆ తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు కానీ పదార్థం నిలిచింది. ఒక్క అచ్చు ఉంటే చాలు, అదే ఆకారాన్ని ఎన్నిసార్లయినా పోసుకోవచ్చు. దాంతో బండి కంపెనీకి సంబంధం లేని చిన్న షెడ్లు కూడా తొడుగులు చేసి అమ్మడం మొదలుపెట్టాయి. ఇవాళ్టి విడి తొడుగుల మార్కెట్‌కు పునాది ఇదే.

పని పద్ధతి మనకు కొత్తేమీ కాదు. కాకినాడ, విశాఖపట్నం తీరంలో ఫైబర్ పడవలు చేసేవాళ్లూ ఇదే వరస పాటిస్తారు: అచ్చుకు మైనం రాసి, జెల్‌కోట్ పూసి, గాజు పీచు మ్యాట్ పరిచి, హార్డెనర్ కలిపిన రెసిన్‌తో తడిపి, రోలరుతో గాలి బుడగలు తీసి ఆరబెట్టడం. తేడా మందంలో ఉంటుంది. పడవకు బరువు పెద్ద సమస్య కాదు. బైకు తొడుగులో రెసిన్ ఎక్కువైతే బరువు పెరగడమే కాదు, పలక పెళుసెక్కి బోల్టు చుట్టూ చిట్లుతుంది. అందుకే మంచి తయారీదార్లు వాక్యూమ్ పెట్టి అదనపు రెసిన్‌ను లాగేస్తారు. బోల్టు చోట్ల మాత్రం కెవ్లార్ గానీ కార్బన్ గానీ అదనంగా ఒక పొర వేస్తారు.

1972 ఏప్రిల్‌లో ఇమోలా 200 రేసును పాల్ స్మార్ట్ డుకాటి మీద గెలిచాక, ఆ బండి అర తొడుగు రోడ్డు బైకుల మీదకూ పాకింది. 1976లో బీఎండబ్ల్యూ ఆర్100ఆర్‌ఎస్ పూర్తి తొడుగుతో వచ్చింది, 1985లో సుజుకి జీఎస్‌ఎక్స్-ఆర్750 అచ్చం రేసు బండి వేషంలో వచ్చింది. ఇక్కడ విచిత్రమైన మలుపు తిరిగింది. రేసు నుంచి రోడ్డుకు వచ్చిన తొడుగు, ఫ్యాక్టరీలో అచ్చుయంత్రాల మీద చేసే ఏబీఎస్ ప్లాస్టిక్‌గా మారింది. అది అందంగా ఉంటుంది, రంగు పట్టుకుంటుంది, కొంత వంగుతుంది. కానీ ముక్కలు ఎక్కువ, క్లిప్పులు ఎక్కువ, ఒక్కో ముక్క ఖరీదూ ఎక్కువ. ఆ బండితో మళ్లీ ట్రాక్‌కు వెళ్లేవాడు కంపెనీ ప్లాస్టిక్ విప్పి అటక మీద పెట్టి, ఫైబర్ తొడుగు కొనుక్కోవాల్సి వచ్చింది. అమెరికాలో షార్క్‌స్కిన్జ్, కెనడాలో ఆర్మర్ బాడీస్ లాంటి పేర్లు ఈ అవసరం మీద ఎదిగినవే.

కార్బన్ పీచు చరిత్ర వేరు. న్యూజిలాండ్‌లో జాన్ బ్రిటెన్ 1990ల మొదట్లో చిన్న బృందంతో చేసిన వీ1000 బండికి తొడుగు, చక్రాలు కూడా కార్బన్‌వే. అయితే సామాన్య రేసరుకు కార్బన్ తొడుగు పెద్దగా కలిసిరాదని ట్రాక్ అనుభవం ఉన్నవాళ్లు చెప్పే మాట. బరువు తగ్గుతుంది, నిజమే. కానీ పడితే పదునైన పెచ్చులుగా విరుగుతుంది, అతుకు వేయడం కష్టం, ధర చెప్పనే అక్కర్లేదు. సూపర్‌స్టాక్, సూపర్‌స్పోర్ట్ లాంటి తరగతుల్లో తొడుగును కార్బన్‌తో చేయడాన్ని నిబంధనలే ఒప్పుకోవు. ఆకారం కంపెనీ బండిదే ఉండాలి, పదార్థం మారవచ్చు, బలం కోసం అక్కడక్కడా కార్బన్ అతుకు వేసుకోవచ్చు.

కింది తొట్టి కథ

రేసు తొడుగులో అందరూ చూసేది ముక్కు, రేసు అధికారి చూసేది ఇంజిన్ కింద ఉన్న భాగం. పడిన బండి ఇంజిన్ కవరు పగిలితే నూనె నేరుగా ట్రాక్ మీదకు, వెనక వచ్చే చక్రాల కిందకు పోతుంది. ఒక్క బండి పగిలితే పది బండ్లు జారతాయి. అందుకని ఎఫ్‌ఐఎం నిబంధనల ప్రకారం కింది తొడుగు ఇంజిన్‌లోని నూనె, కూలెంట్ మొత్తంలో కనీసం సగాన్ని, తక్కువలో తక్కువ 5 లీటర్లను పట్టి ఉంచాలి. తొడుగుకు ఉన్న రంధ్రాల కింది అంచు అడుగు నుంచి 50 మిల్లీమీటర్ల పైనే ఉండాలి. ముందు అడుగున 25 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి తప్పనిసరి. పొడి వాతావరణంలో దాన్ని మూసి ఉంచాలి, వాన పడితే తెరవాలి. లేకపోతే ఆ తొట్టి వాన నీళ్లతో నిండి పొర్లుతుంది. చాలామంది అడుగున నూనె పీల్చే మందపాటి మ్యాట్ కూడా పరుస్తారు.

రోడ్డు బైకు పక్క పలకలు కింద కలవకుండా ఖాళీగా వదిలేసి ఉంటాయి. అందువల్ల 'కంపెనీ బాడీ ఉండగా ఇంకోటి ఎందుకు' అన్న ప్రశ్నకు మొదటి జవాబు ఈ తొట్టే. వేగం, అందం దాని తర్వాతే.

మద్రాసు దారిలో

తెలుగువాళ్లకు బైకు రేసులు దగ్గరగా తెలిసింది షోలవరం వల్ల. మద్రాసు నుంచి నెల్లూరు వైపు వచ్చే జీఎన్‌టీ రోడ్డు పక్కన, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద 1950ల నుంచి రేసులు జరిగేవి. నిర్వహించింది 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్. అప్పటి మన దేశపు బండ్లు, యెజ్డీ గానీ, రాజ్‌దూత్ గానీ, 1980ల ఆర్‌డీ350, ఆర్‌ఎక్స్100 గానీ, ఫ్యాక్టరీ నుంచే తొడుగు లేకుండా వచ్చేవి. ట్రాక్ కోసం ఫెయిరింగ్ కావాలంటే ఎవరి దగ్గరైనా ఫైబర్‌లో పోయించుకోవడమే దారి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో క్లబ్ సొంత ట్రాక్ తెరుచుకుంది. ఆ తర్వాత కోయంబత్తూరులో కారి స్పీడ్‌వే, 2011లో గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన 'ఫార్ములా ఈ' రేసు కార్లది. బైకుల మోటోజీపీ అదే ఏడాది సెప్టెంబరులో నోయిడాకు వచ్చింది.

అందుబాటు ధరలో పూర్తి తొడుగున్న బైకు మనవాళ్లకు 2008లో యమహా ఆర్15తో అలవాటైంది. 2014లో కేటీఎం ఆర్‌సీ 390, 2017 డిసెంబరులో టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310 వచ్చాయి. ఈ ఆర్‌ఆర్ 310 తయారయ్యేది హోసూరులో. కృష్ణగిరి జిల్లాలోని ఆ పారిశ్రామిక పట్టణంలో తెలుగు ఇంటి భాషగా ఉన్నవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. టీవీఎస్ రేసింగ్ విభాగం 1982 నుంచి ఉంది. ఒకే మోడల్ బండ్లతో నడిపే వన్ మేక్ పోటీల్లో ఆ విభాగానిది పాత చెయ్యి.

ఈ వన్ మేక్ పోటీలే మన దేశంలో విడి తొడుగుల మార్కెట్‌ను చిన్నదిగా ఉంచాయని చెప్పాలి. యమహా, హోండా, టీవీఎస్ ఎవరి పోటీ అయినా బండి నిర్వాహకులదే, బాడీ వాళ్లదే. రైడరు ఎంచుకునేది ఏమీ లేదు. ఎంపిక ప్రశ్న సొంత బండితో ట్రాక్ డేకు వెళ్లేవాడికి, ఓపెన్ తరగతుల్లో దిగేవాడికి మాత్రమే వస్తుంది. అలాంటివాళ్లు కొందరు విదేశాల నుంచి తెప్పించుకుంటారు, మిగతావాళ్లు స్థానిక ఫైబర్ షెడ్లలో చేయిస్తారు.

ఏది తీసుకోవాలి

తొడుగు బండికి బండికి మారుతుందనడానికి పైన చెప్పిన వాటిలో రెండు బైకులే నిదర్శనం. ఆర్‌సీ 390లో ఎగ్జాస్ట్ గొట్టం ఇంజిన్ ముందు నుంచి కిందికి దిగుతుంది. కింది తొట్టి దానికి మరీ దగ్గరగా ఉంటే ఫైబర్ మాడుతుంది, లోపల అల్యూమినియం రేకు అతికించాలి. ఆర్‌ఆర్ 310లో సిలిండర్ వెనక్కి వాలి ఉంటుంది. గాలి ముందు నుంచి లోపలికి, పొగ వెనక నుంచి బయటికి పోతాయి కనుక వేడి తగిలే చోటు మారుతుంది. ఒక బైకుకు చేసిన తొట్టిని ఇంకో బైకుకు సర్ది బిగించడం తెలివితక్కువ పని.

కొనేటప్పుడు పలకను వెలుతురుకు అడ్డంగా పట్టి చూడాలి. ఎక్కడ పల్చన, ఎక్కడ రెసిన్ మడుగు కట్టింది తెలిసిపోతుంది. రంధ్రాలు ముందే వేసి ఉన్న సెట్టు కొత్తవాడికి సుఖం. రంధ్రాలు లేనిది చవక, కానీ ముందు బ్రాకెట్ ఇంతకు ముందెప్పుడో పడి కాస్త వంగిన బండికి అదే బాగా కుదురుతుంది, ఎందుకంటే ఆ బండి ఉన్న ఆకారానికే రంధ్రాలు వేసుకోవచ్చు. పావు తిప్పుతో ఊడే ఫాస్టెనర్లు ఉంటే రెండు రేసుల మధ్య ఇంజిన్ చూసుకోవడం నిమిషాల పని. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, వేళ్లు తొడుగుకు తగలడం లేదని చూసుకోనిదే ట్రాక్ ఎక్కకూడదు.

రెక్కల మోజు గురించి ఒక మాట. డుకాటి 2015, 2016 మోటోజీపీ సీజన్లలో ముక్కుకు పెట్టిన రెక్కలు మిగతా జట్లకూ పాకాయి. 2017 నుంచి బయటికి పొడుచుకొచ్చే రెక్కలను నిషేధించారు, అప్పుడవి తొడుగులో కలిసిపోయి తిరిగొచ్చాయి. 2024 ఆర్‌ఆర్ 310కు కూడా రెక్కలున్నాయి, అవి 3 కిలోల మేర కిందికి నొక్కుతాయని కంపెనీ లెక్క. 300 సీసీ బండి మీద కొత్తగా ట్రాక్ నేర్చుకునేవాడికి ఆ 3 కిలోల కంటే 5 లీటర్ల తొట్టి ఎక్కువ అవసరం.

రోడ్డు సంగతి

ఒడిశాలో రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్లే కొండదారి లాంటి మలుపులు చూస్తే ట్రాక్ బండితో ఒక చక్కర్ కొట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. లైటు లేని ముక్కుతో అక్కడ పొగమంచులో ఎదురయ్యే లారీకి మీరు కనిపించరు. చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత 182ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పడవచ్చు. రేసు తొడుగు బిగించిన బండిని ట్రాక్‌కు వ్యానులోనో ట్రాలీ మీదో తీసుకెళ్లండి. విప్పిన కంపెనీ బాడీని అమ్మకండి. బండిని మళ్లీ రోడ్డెక్కించే రోజున, లేదా అమ్మే రోజున, అది కావాలి.