అయిదు మైళ్ల ఇల్లు
(1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, సివిల్ ఇంజనీరు)

 

మన బడి పాత పెంకుల షెడ్డు గుర్తుందా? ఆరు నుంచి ఎనిమిది దాకా మేమంతా అందులోనే చదివాం. గోడలు అడుగున్నర మందం, డంగు సున్నంతో కట్టినవి. పైన బెంగుళూరు పెంకులు. ఫ్యాను ఒక్కటీ లేదు. ఒంటిపూట బడి రోజుల్లో బయట నేల కాలిపోతున్నా, లోపల మాత్రం లెక్కల మాస్టారి బెత్తం తప్ప వేరే బాధ ఉండేది కాదు. మేము తొమ్మిదిలోకి వచ్చేసరికి కొత్త డాబా బిల్డింగు తయారైంది. అందులో కూర్చోబోతున్నందుకు ఎంత గర్వపడ్డామో! మార్చి నెల వచ్చాక పరీక్ష అట్టలతో విసురుకుంటూ కూర్చున్నాం. ఎందుకిలా ఉందని అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆ ప్రశ్న నన్ను ముప్పయ్యేళ్ల తర్వాత పట్టుకుంది. అప్పటికి నేనే వందలాది ఫ్లాట్లు కట్టించాను. నా పర్యవేక్షణలో లేచిన ఒక అపార్టుమెంటులో పై అంతస్తు ఫ్లాటు కొనుక్కుని, రోహిణి కార్తెలో అమ్మను తీసుకొచ్చాను. రాత్రి పదకొండింటికి కూడా స్లాబు సెగలు కక్కుతూనే ఉంది. హాల్లో తడిగుడ్డ పరుచుకుని పడుకున్న అమ్మ, "ఏరా, ఇంజనీరువి కదా, ఇది ఇల్లా పొయ్యా?" అంది. మర్నాడు ఏసీ పెట్టించాను. పడమటి వైపు నీడ లేని పెద్ద కిటికీలు, అయిదంగుళాల స్లాబు అన్నీ నేను సంతకం పెట్టిన డ్రాయింగులోవే. కనుక తప్పు నాదే.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, మా బ్యాచ్ వాళ్లకు ఒక కోరిక పుట్టింది. ఉద్యోగాల నుంచి దిగిపోయాక మన ఊరి దగ్గర నాలుగెకరాలు కొని, నలభై ఇళ్లు కట్టుకుని అందరం ఒక్కచోట ఉండాలని. ప్లాను గీసే పని నాకు అప్పజెప్పారు. పెన్సిలు పట్టే ముందు, ఇలాంటి పని ఇంతకుముందు ఎవరు ఎలా చేశారో చదివాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది.

డాబాకు గౌరవం ఎలా వచ్చింది?

పాత ఇళ్లను పొగిడి కొత్త ఇళ్లను తిట్టడం తేలిక, కాని అది న్యాయం కాదు. మన వాళ్లు మట్టిని, తాటాకును ఊరికే వదిలేయలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. గాలికి, నీటికి నిలిచే ఇల్లు ప్రాణం కాపాడుతుందని కోస్తా జనం అప్పుడు తెలుసుకున్నారు. దానికి తోడు ఏటా వేసవిలో పూరిపాకలు తగలబడేవి. 1979లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. ఆ తర్వాత పేదవాడికి ఇచ్చే 'పక్కా ఇల్లు' అంటే స్లాబు ఇల్లేనని అర్థం స్థిరపడిపోయింది.

కాబట్టి కాంక్రీటును భయమే మన గడపలోకి తెచ్చింది, ఆ భయం సరైనదే. దారి తప్పింది ఆ తర్వాత. తుపానుకు తట్టుకోవాల్సిన ఇంటికీ, ఎండకు తట్టుకోవాల్సిన ఇంటికీ ఒకే నమూనా వాడాం. దాని ఖరీదును రూపాయల్లోనే లెక్కేశాం.

రెండో ఖరీదు ఏమిటో మన సైన్సు మాస్టారు ఎప్పుడో బోర్డు మీద రాసి చూపించారు. నూరు కిలోల సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తాయి. సిమెంటు తయారీలో మొదటి మెట్టు ఇదే. కొలిమిలో మండించే బొగ్గు లెక్క దీనికి అదనం. డంగు సున్నం కూడా కాల్చిన సున్నమే అయినా, గోడలో గట్టిపడేటప్పుడు గాలిలోంచి ఆ వాయువును కొంత వెనక్కి పీల్చుకుంటుంది. మన పాత షెడ్డు గోడలు ఏళ్ల తరబడి చేసిన పని అదే.

తిరువనంతపురంలో ఒక ఇంగ్లీషాయన

ఈ విషయాన్ని మన దేశంలో చేతల్లో చూపించినవారు లారీ బేకర్. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆర్కిటెక్టు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చైనాలో వైద్యసేవ చేసి, తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీజీని కలిశారు. ఇంటికి కావలసినవన్నీ దాని చుట్టూ అయిదు మైళ్లలో దొరకాలని గాంధీజీ చెప్పిన మాట తన జీవితాన్నే మార్చిందని బేకర్ తర్వాత చెప్పుకున్నారు. భారతదేశానికి తిరిగొచ్చి, డాక్టరైన భార్యతో హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో పదహారేళ్లు ఉన్నారు. అక్కడి పల్లెవాళ్లు రాయి, మట్టి, కర్రలతో కట్టే తీరు చూసి, తాను కాలేజీలో నేర్చుకున్నదానికంటే అది గొప్పదని ఒప్పుకున్నారు. 1963లో కేరళకు వచ్చారు.

1970ల మొదట్లో ఆర్థికవేత్త కె.ఎన్.రాజ్, ముఖ్యమంత్రి అచ్యుత మీనన్‌ల ప్రోత్సాహంతో తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణను కట్టారు. పది ఎకరాల కొండవాలు. నేలను చదును చేయలేదు. భవనాలే వాలును అనుసరించి, చెట్ల మధ్య నుంచి మలుపులు తిరిగాయి. కిటికీలకు బదులు చాలాచోట్ల ఇటుక జాలీలు. వెలుగు వస్తుంది, గాలి వస్తుంది, ఎండ మాత్రం రాదు.

బేకర్ బాగా వ్యాప్తిలోకి తెచ్చిన రెండు పద్ధతులు మీకు చెప్పాలి. మొదటిది 'ర్యాట్ ట్రాప్' గోడ. ఇటుకను పడుకోబెట్టకుండా పక్కకు నిలబెట్టి పేరుస్తారు. గోడ మందం తొమ్మిదంగుళాలే, కాని మధ్యలో ఖాళీ ఉంటుంది. సుమారు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది. లోపలి గాలి పొర వేడిని ఆపుతుంది. రెండోది 'ఫిల్లర్ స్లాబు'. స్లాబు అడుగు భాగంలో సాగే బలాన్ని మోసేది ఇనుమే. అక్కడి కాంక్రీటు చేసే పని తక్కువ. కాబట్టి ఊచల మధ్య పాత పెంకులు పెట్టి, ఆ మేరకు కాంక్రీటు తగ్గించారు. బరువు తగ్గింది, సిమెంటు తగ్గింది, వేడీ తగ్గింది. ఇంజనీరింగులో మేమంతా చదివిన పాఠమే ఇది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం, పెంకు మాత్రం ఎవరం పెట్టలేదు.

లెక్క కట్టినవాళ్లు

బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో అమూల్య రెడ్డి నాయకత్వంలో 'అస్త్ర' అనే గ్రామీణ సాంకేతిక విభాగం మొదలైంది. మట్టిలో కాస్త సిమెంటు కలిపి యంత్రంలో ఒత్తి, కాల్చకుండా ఇటుక చేసే పద్ధతిని అక్కడ పెంచారు. ఆ సంస్థకే చెందిన వెంకటరామ రెడ్డి, జగదీశ్ 2003లో ఒక లెక్క ప్రచురించారు. ఒక చదరపు మీటరు ఇల్లు కట్టడానికి, సామాను తయారీతో సహా, ఎంత శక్తి ఖర్చవుతుందన్నది ఆ లెక్క. కాంక్రీటు ఫ్రేము అపార్టుమెంటుకు 4.21 గిగాజౌళ్లు, మామూలు ఇటుక గోడల రెండంతస్తుల ఇంటికి 2.92, ఒత్తిన మట్టి ఇటుక, ఫిల్లర్ స్లాబు ఇంటికి 1.61. కరెంటు యూనిట్లలో చెప్పుకుంటే దాదాపు 1170, 810, 450. ఇంట్లో ఒక్క దీపం వెలిగించకముందే అయిన ఖర్చు ఇది.

మన తెలుగునాట కూడా ఇలాంటి కృషి జరిగింది. విశాఖపట్నంలో భానుమతీదాస్, కాళిదాస్ దంపతులు థర్మల్ కేంద్రాల బూడిద, సున్నం, జిప్సం కలిపి 'ఫాల్‌జీ' ఇటుకను రూపొందించారు. బట్టీ అక్కర్లేదు. నీళ్లతో క్యూరింగు చేస్తే చాలు.

బారకాసుల్లో పుట్టిన పేట

ఒక్క ఇల్లు బాగుంటే సరిపోదు. నలభై ఇళ్ల మధ్య ఏం జరగాలన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో దొరికింది. 1975లో దగ్గర్లోని వీల్ అనే ఊళ్లో అణువిద్యుత్ కేంద్రం వద్దని రైతులు, విద్యార్థులు నిలబడి గెలిచిన ప్రాంతమది. 1992లో ఫ్రెంచి సైన్యం ఖాళీ చేసిన బారకాసుల స్థలంలో వోబాన్ అనే పేట వెలిసింది. సుమారు 38 హెక్టార్లు, అయిదున్నర వేల జనాభా.

అక్కడ బిల్డరు కట్టి అమ్మిన ఇళ్లు తక్కువ. కొన్ని కుటుంబాలు ఒక జట్టుగా చేరి, స్థలం కొని, ఆర్కిటెక్టును పెట్టుకుని కట్టుకున్నవి ఎక్కువ. అంటే మా బ్యాచ్ అనుకుంటున్నదే! ప్రతి ఇంటికీ వేడి ఖర్చు మీద నగరపాలక సంస్థ పరిమితి పెట్టింది. చాలా వీధుల్లో ఇంటి ముందు కారు ఆపకూడదు. కారు కావాలంటే పేట అంచున కట్టిన పార్కింగులో చోటు కొనుక్కోవాలి. వద్దనుకుంటే కారు లేదని రాసివ్వాలి. కారు పెట్టుకునే వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. 2006లో ట్రాము కూడా వచ్చింది.

లండన్ శివారులో ఒక పాఠం

2002లో దక్షిణ లండన్‌లో బెడ్‌జెడ్ అనే కాలనీ పూర్తయింది. దాదాపు నూరిళ్లు. ఆర్కిటెక్టు బిల్ డన్‌స్టర్. దక్షిణం వైపు అద్దాలు, మందపాటి గోడలు, పైన గాలిని లోపలికి మళ్లించే రంగురంగుల గొట్టాలు. సామానులో బరువు ప్రకారం దాదాపు సగం 35 మైళ్ల లోపల నుంచే తెచ్చారు. గాంధీజీ అయిదు మైళ్లు ఇంగ్లండులో 35 అయ్యాయన్నమాట.

కాని అక్కడ ఒక ఎదురుదెబ్బ తగిలింది. కర్రపొట్టుతో కరెంటు, వేడినీళ్లు ఇచ్చే కొత్తరకం యంత్రం మాటిమాటికీ చెడిపోయింది. కొన్నేళ్లకే దాన్ని ఆపేసి గ్యాసు బాయిలర్లు పెట్టారు. అయినా తర్వాత జరిగిన సర్వేలో చుట్టుపక్కల ఇళ్లతో పోలిస్తే వేడికి వాడే శక్తి సుమారు 80 శాతం, కరెంటు 45 శాతం తక్కువని తేలింది. యంత్రం ఓడిపోయినా గోడ గెలిచింది. ఇంజనీర్లందరూ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదని నా నమ్మకం. అదే సర్వేలో ఇంకో మాట ఉంది. అక్కడివాళ్లు సగటున ఇరవై మంది ఇరుగుపొరుగును పేరు పెట్టి పిలవగలరట.

మన నాలుగెకరాలు

ఈ చరిత్ర చదివాక గీసిన ప్లాను మా బ్యాచ్ ముందు పెట్టాను. ఇళ్లు ఉత్తర దక్షిణాలకు ముఖం, పడమట వేపచెట్లు, వసారా. బూడిద ఇటుకతో ర్యాట్ ట్రాప్ గోడ, ఫిల్లర్ స్లాబు, దాని మీద తెల్ల సున్నం పూత. తుపాను గాలికి నిలిచేలా లింటెలు దగ్గర, కప్పు దగ్గర చుట్టూ కాంక్రీటు పట్టీలు. అవసరమైనచోట సిమెంటు వాడాల్సిందే. వానకు ఇంకుడు గుంటలు. కార్లన్నీ గేటు దగ్గరే. మధ్యలో అందరికీ ఒక పెద్ద అరుగు.

మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, నవ్వినవాళ్లూ ఉన్నారు. "ఇంతా సంపాదించి మళ్లీ బడి షెడ్డులో కూర్చోమంటావా?" అన్నాడు మా బెంచీ మిత్రుడు. కారు గుమ్మం ముందు లేకపోతే మోకాళ్ల నొప్పుల సంగతేమిటని మరొకరు అడిగారు. రెండో ప్రశ్న న్యాయమైనదే. అలాంటి ఇళ్లు నాలుగైదు గేటుకు దగ్గరగా జరిపాను. మొదటి ప్రశ్నకు మాటతో జవాబు చెప్పలేను. కట్టి చూపించాల్సిందే.

స్వర్ణోత్సవ సభ సాయంత్రం మా బ్యాచ్ ఈ ప్లాను మీద చేతులెత్తబోతోంది. ఎటు తేలుతుందో నాకు తెలియదు. కాని అందరికీ ఒక విన్నపం. సభకు వచ్చిన రోజు మధ్యాహ్నం రెండింటికి డాబా గదిలో అయిదు నిమిషాలు, పాత షెడ్డులో అయిదు నిమిషాలు కూర్చోండి. ఇప్పుడది సామాన్ల గదే అయినా తాళం తీయించమని అడిగాను. అమ్మ కూడా వస్తానంది. ఆమె ఎక్కడ కునుకు తీస్తుందో చూసి, చేతులు అప్పుడు ఎత్తండి.