ఆడబిడ్డ వాటా: ఆచారం, కోర్టు, మన సాక్ష్యం

గూడెంలో ఒక రైతు కన్నుమూస్తే పట్టా ఎవరి పేరున మారాలి? కొడుకుల పేర్లు వెంటనే రాస్తారు. కూతురి పేరు దగ్గర కలం ఆగుతుంది. "మన ఆచారంలో లేదు" అని ఒకరంటారు, "హిందూ వారసత్వ చట్టం ఉంది కదా" అని ఇంకొకరంటారు. ఈ రెండో మాట తప్పని మన యువతలో చాలామందికి తెలియదు. అందుకే ఈ సంచికలో మేము ఈ చరిత్రను ఎత్తుకున్నాం.

ఏజెన్సీ తగాదాలు బ్రిటిషు కాలం నుంచే మైదానపు కోర్టులకు వేరుగా నడిచాయి. 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టం, 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టం ఇందుకు దారి వేశాయి. 1924 ఏజెన్సీ రూల్స్ వచ్చాక సివిల్ దావాలు వినే పని ఏజెంటుకు, ఆయన కింది అధికారులకు దక్కింది. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో హిందూ వారసత్వ చట్టం చేశారు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప అది షెడ్యూల్డు తెగలకు వర్తించదని 2(2) సెక్షన్ చెబుతుంది. అంటే మనకు మిగిలింది ఆచారమే. ఆచారం పుస్తకంలో ఉండదు, పెద్దల నోట ఉంటుంది. కోర్టు మాత్రం రుజువు అడుగుతుంది.

ఇప్పటి జార్ఖండ్‌లోని సింగ్‌భూమ్ హో మహిళల పక్షాన 1982లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు మధు కిష్వర్ పేరుతో ప్రసిద్ధం. 1996లో తీర్పు వచ్చింది. మగవారికే వారసత్వమనే కౌలు చట్టం సెక్షన్లను మెజారిటీ కొట్టివేయలేదు. ఆ భూమి మీదే బతికే ఆడవారిని మాత్రం వెళ్లగొట్టకూడదంది. మా లెక్కలో అది సగం న్యాయం. 2022 డిసెంబరులో ఒడిశా కేసులోనూ 2(2) అడ్డం నిలిచింది. చట్టాన్ని మార్చే విషయం ఆలోచించమని కోర్టు కేంద్రానికి సూచించింది.

అసలు మలుపు 2025 జూలై 17న. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం అది: అయిదుగురు కొడుకులు, ఒక కూతురు. తాతగారి ఆస్తిలో తల్లి వాటా కోసం ఆ కూతురి వారసులు 1992లో దావా వేశారు. ఆడవారికి వాటా ఇచ్చే ఆచారం ఉందని రుజువు చేయలేదంటూ కింది కోర్టులు, హైకోర్టు కాదన్నాయి. సుప్రీంకోర్టు ప్రశ్నను తిప్పి వేసింది. ఇవ్వకూడదనే ఆచారం ఉందని మాత్రం ఎవరు రుజువు చేశారు? రెండు వైపులా రుజువు లేనప్పుడు రాజ్యాంగం 14వ అధికరణంలోని సమానత్వమే నిలవాలి అంది. వారసులకు సమాన వాటా దక్కింది. దావా వేసిన 33 ఏళ్లకు!

దీంతో హిందూ చట్టం మనకు వచ్చేసిందనుకోవద్దు. అదే ఏడాది అక్టోబరులో, గిరిజన కూతుళ్లకు ఆ చట్టమే వర్తిస్తుందన్న హిమాచల్ హైకోర్టు మాటను సుప్రీంకోర్టు తీసివేసింది. నిషేధించే ఆచారం ఉందని ఎవరైనా రుజువు చేస్తే కథ మళ్లీ మారవచ్చు కూడా.

వీలునామా సంగతి కూడా ఒక మాట. 1/70 అని మనం పిలిచే భూబదలాయింపు చట్టం ఏజెన్సీలో గిరిజనేతరుడికి అమ్మకాన్ని, కౌలును, దానాన్ని చెల్లవంటుంది. "బదలాయింపు" అనే మాటకు అది ఇచ్చిన నిర్వచనంలో మాత్రం వీలునామా లేదు. వేలిముద్ర వేయించుకునే కాగితం ఏదో చదివి చెప్పడానికి ఇంట్లో ఒకరైనా ఉండాలి.

పండుగపూట పాటలు, ఆటలు ఫోన్లలో రికార్డు చేస్తున్నాం. సంతోషమే. తాత చనిపోయినప్పుడు మేనత్తలకు ఏమిచ్చారు, విధవ అయిన పెద్దమ్మ ఏ చెలక దున్నుకుంది, ఇల్లరికం అల్లుడికి ఏం దక్కింది అని అడిగి రాసుకున్నవారు మాకైతే కనబడలేదు. ఆ గోండు కుటుంబం కేసులో లేకపోయింది అలాంటి రుజువే. చెప్పగల పెద్దలు మన గూడేల్లో ఇంకా ఉన్నారు. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఊరి పేరు, తేదీతో సహా వాళ్ల మాట రాసుకురండి.