డేవిస్ డ్యామ్ ఎక్కిన అంకెలు

అమెరికాలో అరిజోనా, నెవాడా రాష్ట్రాల సరిహద్దున కొలరాడో నది మీద డేవిస్ డ్యామ్ అనే ఆనకట్ట ఉంది. ఆ దగ్గర్లోని బుల్‌హెడ్ సిటీ దాటాక 68వ నంబరు రాష్ట్ర రహదారి బ్లాక్ మౌంటెన్స్ అనే బోడి కొండల్లోకి ఎక్కుతుంది. యూనియన్ పాస్ అనే కనుమ చేరేసరికి పదకొండు మైళ్ల పైచిలుకు దూరంలో సుమారు 3,000 అడుగుల ఎత్తు పెరుగుతుంది. మెలికలు తక్కువ, ఆగి ఊపిరి పీల్చుకునే చోటూ తక్కువ. ఎండాకాలంలో ఇంజిన్ చల్లబడే ఆశే ఉండదు. ఈరోజు అమెరికాలో ఏ ఎస్‌యూవీ బ్రోచర్ తెరిచినా ‘ఇన్ని పౌండ్లు లాగుతుంది’ అని ఒక అంకె కనిపిస్తుంది. చాలా కంపెనీల విషయంలో ఆ అంకె వెనక ఈ రోడ్డే ఉంది.

రేసు కారునో, పాత కారునో, ఊరు మారేటప్పుడు రెండో కారునో ట్రైలర్ మీద ఎక్కించి తీసుకెళ్లాలనుకునేవాళ్లు ముందుగా చూసేదీ ఆ అంకెనే. దాన్ని నమ్మే ముందు అది ఎలా పుట్టిందో, ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకోవాలి. అది తెలియక కొన్నవాళ్లు కొండ ఎక్కేటప్పుడు ఇబ్బంది పడతారు, దిగేటప్పుడు ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

కారు వెనక బండి కట్టుకుని తిరిగే అలవాటు అమెరికాలో చాలా పాతది. వాలీ బయామ్ నడిపిన ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ 1936లోనే క్లిప్పర్ అనే మెరిసే అల్యూమినియం ట్రైలర్‌ను తెచ్చింది. 1945లో లియోనార్డ్ శామ్యూల్ షోయెన్, ఆయన భార్య అన్నా మేరీ కలిసి 5,000 డాలర్ల పెట్టుబడితో వాషింగ్టన్ రాష్ట్రంలోని రిడ్జ్‌ఫీల్డ్‌లో యూ-హాల్‌ను ప్రారంభించారు. ఒక ఊళ్లో ట్రైలర్ అద్దెకు తీసుకుని ఇంకో ఊళ్లో అప్పగించడమనే పద్ధతి వాళ్లతోనే దేశమంతా పాకింది. చదువులకూ ఉద్యోగాలకూ అమెరికా వెళ్లిన మన తెలుగు పిల్లలకు ఆ నారింజ రంగు బండ్లు బాగా తెలుసు. పరుపులు, బల్లలు, వంటసామాను ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఇంకో అపార్ట్‌మెంట్‌కు చేరింది వాటిలోనే.

ఆ రోజుల్లో ట్రైలర్ లాగే పని పెద్ద స్టేషన్ వ్యాగన్లది. పొడవైన ఒళ్లు, కింద బలమైన ఉక్కు చట్రం, ముందు వీ8 ఇంజిన్. 1973 చమురు సంక్షోభం తర్వాత 1975 డిసెంబరులో అమెరికా ఇంధన చట్టం చేసింది. 1985 నాటికి కార్ల సగటు మైలేజీ గ్యాలనుకు 27.5 మైళ్లకు చేరాలంది. ‘లైట్ ట్రక్’ కిందికి వచ్చే బండ్లకు మాత్రం అంత కఠినమైన లక్ష్యం పెట్టలేదు. పెద్ద వ్యాగన్‌కు కాలం చెల్లడానికీ, ట్రక్కు చట్రం మీద కుటుంబానికి సరిపడా సీట్లు వేసిన ఎస్‌యూవీ పుట్టుకు రావడానికీ ఈ తేడా పెద్ద కారణం. టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో 1996లో బ్యూక్ రోడ్‌మాస్టర్ వ్యాగన్ల తయారీ ఆగిపోయింది. తగిన ప్యాకేజీ తీసుకుంటే ఆ వ్యాగన్ 5,000 పౌండ్లు లాగేది. ఆ కర్మాగారాన్నే ఎస్‌యూవీలకు మార్చారు. ఇప్పుడు అక్కడ టాహో, సబర్బన్ తయారవుతున్నాయి.

మధ్యరకం ఎస్‌యూవీ మధ్యతరగతి ఇళ్ల ముందుకు భారీగా వచ్చింది 1990లో విడుదలైన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌తో. రెండేళ్లకు జీప్ గ్రాండ్ చెరోకీ వచ్చింది. ఎక్స్‌ప్లోరర్ అమ్మకాలు ఎంత ఎత్తుకు వెళ్లాయో దాని కష్టాలూ అంతే పెద్దవి. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వేగంగా పోతుండగా టైరు పై పొర ఊడిపోయి బండ్లు పల్టీ కొట్టాయి. ప్రభుత్వ లెక్కల్లో 270 మందికి పైగా చనిపోయారు. ఎక్స్‌ప్లోరర్‌కు ఫోర్డ్ సిఫారసు చేసిన టైరు గాలి 26 పీఎస్‌ఐ. అది తక్కువని టైరు కంపెనీ, తప్పు టైరుదేనని కారు కంపెనీ వాదించుకున్నాయి. దాదాపు నూరేళ్ల వ్యాపార బంధం 2001లో తెగిపోయింది. ఇప్పుడు మన బండ్లలో టైరు గాలి తగ్గితే వెలిగే దీపం ఆ విషాదం తర్వాత అమెరికా చేసిన చట్టం వల్ల అందరికీ అలవాటైనదే.

ట్రైలర్ల వాళ్లకు ఆ కథ ఇంకోలా తగిలింది. ఎక్స్‌ప్లోరర్‌కు ట్రైలర్ అద్దెకివ్వబోమని 2003 చివర్లో యూ-హాల్ నిర్ణయించింది. ఆ జోడీ మీద పడిన దావాలకు కోర్టు ఖర్చులు భరించలేకపోతున్నామన్నది వాళ్లు చెప్పిన కారణం. 2011 నుంచి పూర్తిగా మారిన నిర్మాణంతో వచ్చిన ఎక్స్‌ప్లోరర్లకు ఆ తర్వాత సడలింపు ఇచ్చారు. కానీ ఎన్నో ఏళ్లపాటు, బ్రోచర్‌లో ఎంత అంకె ఉన్నా అద్దె కౌంటర్ దగ్గర ఆ బండికి ట్రైలర్ దొరకలేదు.

నిజానికి అప్పట్లో బ్రోచర్ అంకెకు ఉమ్మడి కొలత లేదు. ఏ కంపెనీ పరీక్ష ఆ కంపెనీదే. పక్క కంపెనీ 7,000 అంటే మనం 7,200 అనేంత పోటీ. 2008లో ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ జె2807 పేరుతో ఒక ప్రమాణాన్ని ప్రచురించింది. ట్రైలర్‌తో కలిపి డేవిస్ డ్యామ్ ఘాట్ ఎక్కాలి. బయట వంద ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల ఎండ ఉండాలి, ఏసీ పూర్తిగా తిప్పి ఉండాలి, వేగం గంటకు 40 మైళ్లకు తగ్గకూడదు, హెచ్చరిక దీపం వెలగకూడదు. ఇది కాక నిలబడ్డ చోటు నుంచి అరవై మైళ్ల వేగం అందుకోవడానికి గడువుంది. నూటికి పన్నెండు వాలున్న ఎత్తు మీద ఆగి ముందుకు ఐదుసార్లు, వెనక్కు ఐదుసార్లు కదలాలి. బ్రేకులకు, ట్రైలర్ ఊగినా తిరిగి కుదుటపడడానికి వేరే పరీక్షలున్నాయి. అందరూ సరేనన్నారు కానీ చెప్పిన మాట ముందుగా నిలబెట్టుకున్నది టయోటా ఒక్కటే. 2011 మోడళ్లకు ఆ ప్రమాణం అమలు చేస్తే టండ్రా పికప్ అంకెలు కొన్ని వందల పౌండ్లు తగ్గాయి. తగ్గిన అంకెతో షోరూంలో కూర్చోవడానికి ధైర్యం కావాలి, ఆ సంగతిలో టయోటాను మెచ్చుకోవాలి. డెట్రాయిట్‌కు చెందిన మూడు పెద్ద కంపెనీల పికప్‌లు దారికి రావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది.

అయితే ఆ పరీక్షలో బండిలో కూర్చునేది 150 పౌండ్ల చొప్పున లెక్కగట్టిన ఇద్దరే. మీరు బయల్దేరేటప్పుడు అమ్మానాన్నలు, పిల్లలు, కూలర్ బాక్సు, టైర్లు, జాకీ కూడా ఉంటాయి. అసలు కొనుగోలు లెక్క మొదలయ్యేది ఇక్కడే.

ఆ లెక్కలోకి వెళ్లే ముందు ఒక మాట. బరువును కదిలించడం గొప్ప సంగతేమీ కాదు. 1947లో ఆల్‌ఫ్రెడ్ లెటూర్నర్ అనే ఫ్రెంచి సైకిల్ వీరుడు ఒక ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌ను సైకిల్‌తో లాగి చూపించాడు. 2006లో ఇంగ్లండ్‌లోని డన్స్‌ఫోల్డ్ విమానాశ్రయంలో ఫోక్స్‌వాగన్ టూరెగ్ 155 టన్నుల బోయింగ్ 747ను లాగింది. రోడ్డు మీద అదే టూరెగ్‌కు కంపెనీ అనుమతించినది మూడున్నర టన్నులే. చదునైన నేల మీద మెల్లగా కదిలించడం వేరు, అరవై మైళ్ల వేగంలో పక్కనుంచి లారీ గాలి కొట్టినప్పుడు నిలబెట్టడం వేరు, దిగుడులో ఆపడం వేరు.

ఎడ్లబండి తోలినవాళ్లకు ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. వెనక ఎక్కువ బరువేస్తే నొగ పైకి లేస్తుంది, ముందు ఎక్కువేస్తే ఎడ్ల మెడ వంగిపోతుంది. కారు ట్రైలర్‌కూ అంతే. మొత్తం బరువులో పదో వంతు నుంచి నూటికి పదిహేను దాకా, ముందు బండికి ట్రైలర్‌ను తగిలించే హిచ్ బాల్ మీద పడాలి. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. అది తక్కువైతే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, ఎక్కువైతే ఎస్‌యూవీ వెనక కుంగి ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. సొంత ట్రైలర్ ఉన్నవాళ్లు కారును నాలుగంగుళాలు ముందుకో వెనక్కో జరిపి దీన్ని సరిచేస్తారు. ఇంజిన్ వెనకుండే పోర్షే 911 లాంటి కార్లను కొందరు వెనక్కు తిప్పి ఎక్కించేది ఇందుకే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. యూ-హాల్ వాళ్ల కారు ట్రైలర్ ఖాళీ బరువే 2,210 పౌండ్లు, అంటే టన్ను. దాని మీద 1989లో వచ్చిన మొదటి తరం మాజ్దా మియాటాను ఎక్కించండి. అమెరికాలో వారాంతపు రేసులకు ఎంతోమంది వాడే చిన్న కారు, సుమారు 2,200 పౌండ్లు. రెండూ కలిపి 4,400. విడి టైర్లు, పనిముట్లు వేస్తే 4,800 దగ్గరకు వస్తుంది. 5,000 పౌండ్ల అంకె ఉన్న హోండా పైలట్ ఆల్ వీల్ డ్రైవ్, టయోటా హైలాండర్, ఫోక్స్‌వాగన్ అట్లాస్ కాగితం మీద సరిపోతాయి. అదే అక్కడి మన తెలుగు ఇళ్లలో ఎక్కువగా కనిపించే టయోటా క్యామ్రీని ఎక్కిస్తే ట్రైలర్‌తో కలిపి 5,500 దాటుతుంది. ఆ మూడూ అక్కడే ఆగిపోతాయి.

మియాటాకైనా ఇంకో లెక్క మిగిలుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద పసుపు, తెలుపు స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని అక్కడ రాసి ఉంటుంది. అది 1,300 పౌండ్లు అనుకుందాం. 4,800 పౌండ్ల ట్రైలర్ హిచ్ మీద మోపేది 600 దాకా ఉంటుంది. నలుగురు మనుషులు ఇంకో 600. డిక్కీలో సామాను 150. లాగే అంకె దాటకుండానే మోసే అంకె దాటేశారు. టోయింగ్ గురించి నేను చదివిన సలహాల్లో ఎక్కువ భాగం ఈ స్టిక్కర్ దాకా రానే రావు. అమ్మేవాళ్లూ దీన్ని చూపించరు.

అందుకే నేనైతే 5,000 వాటిని వదిలి పై మెట్టుకు వెళ్లమంటాను. నిస్సాన్ పాత్‌ఫైండర్ చరిత్ర చూడండి. 2013లో విడి గేర్లు లేని సీవీటీ గేర్‌బాక్స్‌తో 5,000 పౌండ్ల దగ్గర ఉండేది. 2017 మోడల్‌లో అదే సీవీటీతో 6,000 అయింది. 2022 మోడల్‌లో తొమ్మిది గేర్ల మామూలు ఆటోమేటిక్ పెట్టాక కూడా కొన్ని రకాలకు ఆ 6,000 ఉంది. అన్ని రకాలకూ కాదు, కొన్నిటికి 3,500 మాత్రమే. కొనే ముందు ఏ రకమో అడగాలి. గ్రాండ్ చెరోకీ వీ6కు 6,200 దాకా ఉంది. డాడ్జ్ డురాంగో వీ8 కొన్ని రకాల్లో 8,700 దాకా వెళుతుంది. క్యామ్రీని గానీ అంతకంటే బరువైన పాత కారును గానీ నెలకోసారి లాగేవాళ్లకు నా ఓటు డురాంగోకే. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆ ఖర్చుకు సిద్ధపడాలి. ఏడాదికి రెండుసార్లు మియాటాను ట్రాక్‌కు తీసుకెళ్లేవాళ్లకు పాత్‌ఫైండర్ చాలు. అయితే ట్రైలర్‌ను వెయ్యి పౌండ్లు తక్కువ తూగే అల్యూమినియంది చూసుకుంటే 5,000 పౌండ్ల బండికీ కాస్త ఊపిరి ఆడుతుంది. కొన్నిసార్లు మార్చాల్సింది ఎస్‌యూవీని కాదు, ట్రైలర్‌నే.

విద్యుత్ బండ్లు ఈ పోటీలోకి కొత్తగా వచ్చాయి. రివియన్ ఆర్1ఎస్ 7,700 పౌండ్లు లాగుతుంది. కానీ వెనక ట్రైలర్ ఉన్నప్పుడు చార్జింగ్‌కు ఆగే దూరం దాదాపు సగానికి తగ్గుతుంది. ట్రైలర్ విప్పకుండా చార్జింగ్ పెట్టుకునే స్థలాలు ఇంకా తక్కువే.

ఏది కొన్నా ఫ్యాక్టరీ టో ప్యాకేజీతోనే కొనండి. అందులో హిచ్ ఇనుము ఒక్కటే ఉండదు, చాలా బండ్లలో గేర్‌బాక్స్ నూనెను చల్లబరిచే కూలర్, ట్రైలర్ దీపాల వైరింగ్ కూడా వస్తాయి. తర్వాత విడిగా వేయించుకుంటే అన్నీ దొరక్కపోవచ్చు. సొంత ట్రైలర్‌కు ఎలక్ట్రిక్ బ్రేకులుంటే బండిలో బ్రేక్ కంట్రోలర్ బిగించుకోవాలి. ట్రైలర్ ఊగితే స్టీరింగ్ గుంజకుండా, యాక్సిలరేటర్ మీద కాలు తీసి, కంట్రోలర్‌లోని చేతి మీట నొక్కి ట్రైలర్ బ్రేకులే ముందు పట్టించాలి. యూ-హాల్ ట్రైలర్లకు ఆ మీటతో పనిలేదు. వాటి బ్రేకులు ముందు బండి వేగం తగ్గిన ఒత్తిడికి వాటంతట అవే పడతాయి. వాటి మీద వేగ పరిమితి గంటకు 55 మైళ్లని రాసి ఉంటుంది, దాన్ని పాటించాలి.

మొదటిసారి కారు ఎక్కించి కట్టిన రోజు, మనుషులూ సామానూ బండిలో ఉండగానే, హైవే పక్కన లారీలు ఆగే చోట ఉన్న క్యాట్ స్కేల్ అనే తూకపు కాటా మీదికి ఎక్కించండి. కొద్ది డాలర్లతో పని అయిపోతుంది. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ మూడింటి బరువూ విడివిడిగా ఉన్న చీటీ చేతికొస్తుంది. దాన్ని తలుపు స్తంభం మీది స్టిక్కర్‌తో, బండి పుస్తకంలోని పరిమితులతో పోల్చి చూసి, సరిపోయాకే హైవే ఎక్కండి.